రోజుకు రెండు జీబీల జమీందారు

మద్రాసు రాష్ట్రంలో 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు పోయాయి. భూములు పోతున్నాయని దొరలు గుండెలు బాదుకున్నారు, వస్తాయని రైతులు ఆశపడ్డారు. ఈ హడావుడిలో ఉపాధి పోయిన ఒక వర్గాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. దివాణంలో దొరగారి పక్కన నిలబడి "చిత్తం" అనేవాళ్లను. దొరగారు "ఈ ఏడు చినుకు లేదోయ్" అంటే, "ఎక్కడండీ, చెరువులో కొంగ కూడా వాలడం లేదు" అనాలి. అదే దొరగారు సాయంత్రానికి మాట మార్చి "వానలు దంచేస్తున్నాయి" అంటే, "నిలువునా తడిసొచ్చానండీ" అంటూ పొడి పంచె పిండి చూపించాలి. అల్లాటప్పా విద్య కాదు. అందుకే వాళ్లకు మాన్యాలిచ్చేవారు, శాలువాలు కప్పేవారు. ఆ భోగం అందరికీ ఉండేది కాదు. కూలిపని చేసుకునేవాడు తప్పు కూస్తే పక్కవాడు అక్కడికక్కడే "నీ మొహం" అనేవాడు. మెచ్చుకోవడానికి మనిషిని పెట్టుకునే స్తోమత పేదవాడికి ఎక్కడిది?

ఆ అన్యాయం ఇప్పుడు తొలగిపోయింది. రోజుకు రెండు జీబీల ప్యాకు వేయించుకున్న ప్రతి పౌరుడికీ జేబులో ఒక దివాణం, అందులో రేయింబవళ్లు చేతులు కట్టుకు నిలబడే ఒక వందిమాగధుడు. ఇంతటి సామ్యవాదం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేదు.

ఈ కొలువు సార్వజనీనమైన రోజు కూడా లెక్కలో ఉంది: 2009 డిసెంబరు 4. అంతకుముందు కొన్నేళ్లుగా, తన దగ్గర ఖాతా తెరిచి లాగిన్ అయినవారికి మాత్రమే గూగుల్ వారి వారి అభిరుచిని బట్టి ఫలితాలు అమర్చేది. ఆ రోజు నుంచి లాగిన్ కానివాళ్లకు కూడా అదే మర్యాద మొదలైంది. మీ బ్రౌజరులో ఒక కుకీ వేసి, 180 రోజుల పాటు మీరు ఏం వెతికారో, ఏది నొక్కారో చూసుకుని, దాన్ని బట్టి వడ్డన. మీరెవరో చెప్పనక్కర్లేదు. చెప్పకపోయినా తెలుసుకోవడానికి 57 ఆనవాళ్లు చూస్తారని ఎలై పరైజర్ అనే అమెరికన్ 2011లో రాసిన పుస్తకంలో చెప్పాడు. ఏ ఊళ్లో ఉన్నారు, ఏ మోడల్ కంప్యూటరు వాడుతున్నారు, ఏ బ్రౌజరు, ఇలా. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ల గురించి మన పెద్దలు చెబితే అతిశయోక్తి అనుకున్నాం. వీళ్లకు ఆవులింత కూడా అక్కర్లేదు.

అదే ఏడాది పరైజర్ తన స్నేహితులిద్దరి చేత "ఈజిప్టు" అని వెతికించాడు. ఆ దేశంలో జనం వీధుల్లోకొచ్చి అధ్యక్షుడు ముబారక్‌ను దించేసిన రోజులవి. ఒకాయన మొదటి పేజీ నిండా నిరసనలు. రెండో ఆయన మొదటి పేజీలో వాటి ఊసే లేదు. ఆయనకు ఈజిప్టు ఎప్పటిలాగే చల్లగా ఉంది. ముబారక్ కూడా ఆ రెండో ఆయన పేజీనే చూస్తూ కూర్చున్నాడేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

ఇంతకీ ఈ వందిమాగధుడికి జీతమెవరిస్తున్నారు? పాత జమీందారు కనీసం తన ధాన్యం కొలిచి పొగిడించుకున్నాడు. ఇప్పటి జమీందారు పైసా ఇవ్వడు. ఇచ్చేవాళ్లు సంతలో అంగళ్ల వాళ్లు. దొరగారికి ఎప్పుడు ఆకలేస్తుందో, ఎప్పుడు భయమేస్తుందో, మోకాళ్లు ఏ వేళ నొప్పెడతాయో లోపలి నుంచి కబురందించినందుకు బయటి నుంచి మామూలు. ఈ ఏర్పాటు ఎటు దారితీస్తుందో ముందే పసిగట్టిన బుద్ధిమంతులు ఇద్దరున్నారు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజిన్లు వాడుకునేవాళ్ల అవసరం కన్నా ప్రకటనదారుల వైపే మొగ్గుతాయని 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వాళ్లొక పరిశోధన పత్రంలో రాశారు. పేర్లు సెర్గీ బ్రిన్, లారీ పేజ్. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఇద్దరి కంపెనీయే ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టింది. 2024లో ఆ కంపెనీ మాతృసంస్థకు వచ్చిన సుమారు 350 బిలియన్ డాలర్ల రాబడిలో 264 బిలియన్లకు పైగా ప్రకటనలదే. తాము రాసిన పత్రం అక్షరాలా నిజమని ఇంత ఖర్చుపెట్టి రుజువు చేసిన పరిశోధకులు శాస్త్ర చరిత్రలో అరుదు.

సరే, కంపెనీలను తిట్టడం సులువు. దివాణం లోపల ఏం జరుగుతోందో చూద్దాం.

తెనాలిలో ఒక తండ్రి, డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. అక్కడ పొద్దున్న. తండ్రి ఎప్పుడో ఒక రాత్రి నిద్రపట్టక, అమెరికాలో మనవాళ్ల కుర్రాడొకడిని ఎవరో కాల్చారన్న వీడియో చివరిదాకా చూశాడు. చూడటమేమీ తప్పు కాదు, చివరిదాకా చూడటంతోనే వచ్చింది చిక్కు. ఎంతమంది నొక్కారన్నది కాక ఎంతసేపు చూశారన్నది ముఖ్యమని యూట్యూబ్ 2012లో తన కొలత మార్చుకుంది. జనం యూట్యూబ్‌లో గడిపే సమయంలో 70 శాతానికి పైగా తాము సిఫార్సు చేసిన వీడియోల మీదే గడుస్తోందని 2018లో నీల్ మోహన్ చెప్పాడు. అప్పుడాయన ఆ కంపెనీలో ప్రోడక్టు అధికారి, ఇప్పుడు సీఈఓ. అంటే వెతికి చూసేది ముప్పావలా అయితే వడ్డించింది తినేది రూపాయి ముప్పావలా. తండ్రిగారికి మర్నాడు రెండు కాల్పులు, వారానికి పది. నెల తిరిగేసరికి ఆయన ఫోనులో అమెరికా మొత్తానికి తుపాకులు తప్ప వేరే పంట లేదు.

కొడుకు ఒకసారి హైదరాబాదు వానలో కొట్టుకుపోతున్న కార్ల వీడియో చూసి నవ్వుకున్నాడు. దాని తర్వాత గుంతలో పడిన స్కూటరు, దాని తర్వాత కల్తీ పాలు, కల్తీ నెయ్యి, కల్తీ పన్నీరు.

"ఒరేయ్, ఆ దేశంలో ఎందుకురా ప్రాణాలరచేతిలో పెట్టుకుని? వచ్చెయ్యండి" అంటాడు తండ్రి.

"ఎక్కడికి నాన్నా వచ్చేది? అక్కడ పాలు తాగే పరిస్థితే లేదు. మీరే వచ్చెయ్యండి" అంటాడు కొడుకు.

తల్లి వంటింట్లోంచి వచ్చింది. "మొన్న సరోజ పిన్ని అమెరికా నుంచి వచ్చిందిరా, బాగానే ఉందట కదా. ఇక్కడ పాలు మన వెంకటేశ్వర్లే పోస్తున్నాడు, ముప్పై ఏళ్లుగా" అంది.

తండ్రీకొడుకులు ఏళ్ల తర్వాత ఏకాభిప్రాయానికి వచ్చారు. "నీకు తెలీదు, వీడియోలున్నాయి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇద్దరూ చూసినవి దొంగ వీడియోలని నేననడం లేదు. కాల్పులూ నిజం, గుంతలూ నిజం. అబద్ధం చెప్పేవాడైతే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. నిజాల్లో మనకు నచ్చినవే ఏరి పెట్టేవాడిని ఏ సెక్షను కింద పట్టుకుంటారు?

ఇక్కడిదాకా చదివి, యంత్రమే మనల్ని చెడగొట్టిందని నిట్టూరుస్తున్నవారికి ఒక చేదుమాట. ముద్దాయి తరఫు సాక్షులు కూడా ఉన్నారు. అమెరికాలో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో గూగుల్ ఫలితాలను కొలిచి చూస్తే, వ్యక్తిని బట్టి మారినవి సగటున 11.7 శాతమే. అందులోనూ పెద్ద కారణాలు లాగిన్ అయి ఉండటం, ఏ ఊళ్లో ఉన్నారన్నది. కాదు, చాలా మారుతున్నాయని 2018లో డక్‌డక్‌గో 87 మందితో వెతికించి చెప్పింది; రహస్య విండోలో వెతికినా మారాయంది. డక్‌డక్‌గో కూడా సెర్చ్ ఇంజినే కాబట్టి, పక్క కొట్టువాడి తూకం గురించి ఎదుటి కొట్టువాడు చెప్పిన సాక్ష్యంగా దాన్ని తీసుకోవాలి. మేం వ్యక్తిని బట్టి మార్చేది బహు స్వల్పమని గూగుల్ జవాబిచ్చింది. ఆ సాక్ష్యానికీ అదే తూకం. (రహస్య విండో అన్నాం కనుక ఒక మాట. అందులో తిరిగినవాళ్ల వివరాలు కూడా పోగేశారని వేసిన దావాలో రాజీపడి, కోట్ల కొద్దీ రికార్డులు చెరిపేస్తామని గూగుల్ 2024లో ఒప్పుకుంది. తలుపు వేసుకున్నామనుకున్నాం. గొళ్లెం అవతలి వైపుంది.)

2015లో ఫేస్‌బుక్ సొంత పరిశోధకులు కోటి మంది అమెరికన్ల లెక్కలు తీసి 'సైన్స్' పత్రికలో రాశారు. ఎదుటి పక్షం వార్తలకు యంత్రం వేసే కత్తెర కొద్దిదే, ఎవరిని స్నేహితులుగా పెట్టుకున్నారు, దేన్ని నొక్కారు అన్నదే పెద్దదని. కంపెనీ మనుషులు కంపెనీకిచ్చిన సర్టిఫికెట్టులే అని కొట్టిపారేద్దామా అంటే, 2023లో 'నేచర్' పత్రికలో వచ్చిన మరో అధ్యయనం మరీ మొహం మీద కొట్టినట్టుంది. గూగుల్ చూపించిన వార్తల కన్నా, అందులోంచి జనం ఏరుకుని నొక్కినవే ఎక్కువ ఏకపక్షంగా ఉన్నాయట. అంటే దివాణంలో ఎదురుమాట చెప్పగలిగినవాడూ ఒక మూల కూర్చునే ఉన్నాడు. దొరగారే అటు తల తిప్పలేదు.

ఎందుకు తిప్పుతారు? పని ఉంటే కదా. ఈ రోజుల్లో మనవాళ్లు వెతికేది తెలుసుకోవడానికి కాదు, నెగ్గడానికి. దానికి "నేను రీసెర్చ్ చేశాను" అని ముద్దుపేరు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా రీసెర్చ్ చేసి, గైడు గారింటికి కూరగాయలు మోసి, ఏడేళ్లకు పీహెచ్‌డీ తెచ్చుకున్న వాళ్ల మీద జాలేస్తుంది. ఇంత సులువని తెలిస్తే సొరకాయలు మిగిలేవి.

గుంటూరు వైపు ఒక పెళ్లి. రెండో పంక్తి. బావా బావమరుదులు పక్కపక్క విస్తళ్లలో కూర్చున్నారు. రాజధాని మాటొచ్చింది. తెలుగునాట పెళ్లి పంక్తిలో రాజధాని మాటొస్తే గుత్తివంకాయ చల్లారిపోవలసిందే. "మునిగిపోయే ఊరు బావా అది" అన్నాడు బావమరిది. "ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు బావ. "ఎవడో చెప్పడమేంటి, చూపిస్తానుండు." కుడిచెయ్యి కూరలో ఉంది కాబట్టి ఎడమచేత్తో ఫోను తీసి, మైకు గుర్తు నొక్కి, మూతి దగ్గర పెట్టుకుని "అమరావతి మునిగింది" అన్నాడు. బావ కూడా తక్కువవాడు కాదు. ఆయనా ఎడమచేత్తోనే తీసి "అమరావతి మునగలేదు" అన్నాడు. మధ్య దూరం జానెడు. ఇద్దరి ఫోన్లూ "చిత్తం" అన్నాయి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో పొడినేల. ఇద్దరూ తెరలు ఒకరి ముక్కు ముందు ఒకరు ఆడించుకుంటుంటే వడ్డన కుర్రాడొచ్చి "సాంబారా, పెరుగా అండీ?" అన్నాడు. ఆ పూట రెండు పక్షాలూ ఒకేసారి వాళ్ల ముందుకొచ్చింది ఆ ఒక్క ప్రశ్నలోనే.

ఇక్కడ గూగుల్‌కు వాళ్ల కులగోత్రాలు తెలియాల్సిన అవసరమేముంది? 57 ఆనవాళ్లూ దండగే. జవాబంతా ప్రశ్నలోనే పెట్టి పంపించారు. "కాఫీ వల్ల లాభాలు" అని కొట్టినవాడికి లాభాలొస్తాయి, "కాఫీ వల్ల నష్టాలు" అని కొట్టినవాడికి నష్టాలొస్తాయి. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే కాఫీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పంతం పట్టేవాడు పూర్వం సాక్ష్యం లేక నవ్వులపాలయ్యేవాడు. ఇప్పుడు "మూడు కాళ్ల కుందేలు" అని కొడితే చాలు, ఫొటోలతో సహా వస్తుంది. కింద "వీటిని కూడా అడుగుతున్నారు" అంటూ తోడుగా నాలుగు ప్రశ్నలు. తనలాంటి వాళ్లు ఊరంతా ఉన్నారని ధైర్యం.

కాస్త అనుమానం ఉన్నవాడు వెతికి చూసుకుంటే బాగుపడతాడని ఇన్నాళ్లూ బడిలో, టీవీలో చెబుతూ వచ్చారు. ఆ ముచ్చటా తీరింది. తప్పుడు వార్తను సరిచూసుకుందామని ఆన్‌లైన్‌లో వెతికినవాళ్లు, వెతకనివాళ్ల కన్నా దాన్ని ఎక్కువగా నమ్మే అవకాశముందని 2023 చివర్లో 'నేచర్'లోనే మరో అధ్యయనం వచ్చింది. తప్పుడు వార్తలో వాడిన మాటలనే పెట్టెలో కొడితే, ఆ మాటలు వాడేవాళ్లే దొరుకుతారు మరి. పెద్ద పత్రికలు, డాక్టర్లు, ప్రొఫెసర్లు ఆ మాటలు వాడరు. ఇంగ్లిషులో వాళ్లు వేరే మాటలతోనైనా రాస్తారు. తెలుగులో చాలా సంగతుల మీద అసలే రాయరు. ఆ ఖాళీ జాగాలో ముందుగా పాక వేసుకున్నవాడిదే పట్టా. 2021 మేలో కరోనాకని పంచిన కృష్ణపట్నం నాటుమందు గొడవ గుర్తుందా? ఊపిరందక, పడకలు దొరక్క జనం అల్లాడుతున్న రోజులు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఆ మందుల్లో కంట్లో వేసే చుక్కలను ఆపి, కొన్నిటికి అనుమతి ఇచ్చింది. ఆ తేడా అర్థం కావాలంటే ఒక్క పేరా చదివితే చాలు. "అద్భుతం" అని వెతికినవాళ్లు, "మోసం" అని వెతికినవాళ్లు ఆ పేరా పక్కనుంచి చెరో వైపు దూసుకెళ్లిపోయారు.

"మా కాలంలో రచ్చబండ ఉండేది, అన్ని మాటలూ వినేవాళ్లం" అని మొదలుపెట్టే పెద్దలకూ ఒక నమస్కారం. రచ్చబండ మీద ఎవరికి చోటుండేదో, ఎవరు దూరంగా నిలబడి వినేవారో, ఏ వాడ మాట ఆ బండ దాకా వచ్చేదే కాదో మనకు తెలుసు. దాన్ని ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు చేయకండి. అయితే గ్రంథాలయంలో పత్రికల బల్ల మాత్రం కొంచెం పనిచేసింది, అదీ మన గొప్పతనం వల్ల కాదు. మనకు నచ్చిన పేపరు ఎప్పుడూ ఇంకెవడి చేతిలోనో ఉండేది. అతగాడు రాశిఫలాలతో సహా చదివి వదిలేదాకా, ఎదురుగా పడున్న శత్రుపక్షం పేపరు తిట్టుకుంటూ చదవాల్సి వచ్చేది. అలా తెలుగువాడి మెదడులోకి ఎదుటివాడి వాదన కొంత చొరబడింది. హైదరాబాదు సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. నూరేళ్లకు పైగా అలాంటి బల్లలు చేసిన సేవకు కారణం మన విశాల హృదయం కాదు, కాపీల కొరత. ఆ కొరత తీరింది. ఇప్పుడు ఎవరి పేపరు వారికే, లేచేసరికి అచ్చయి ఉంటుంది.

చట్టాలేవంటారా? ఐరోపా వాళ్లు 2023 నుంచి పెద్ద కంపెనీలకు ఒక నిబంధన పెట్టారు. మనిషి జాతకం చూడకుండా సిఫార్సులు చూపే దారి కనీసం ఒకటి ఇవ్వాలని. ఆ మీట ఎక్కడుందో వెతుక్కోవడం వాడుకరి పుణ్యం. మన దగ్గర అదే ఏడాది డేటా రక్షణ చట్టం వచ్చింది. పిల్లల నడవడిని వెంటాడకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు అంది. పద్దెనిమిది నిండినవాళ్ల ఫీడులో ఏ వరస ఎందుకొచ్చిందో చెప్పాలని మాత్రం అనలేదు. పెద్దవాళ్లకు ఆపాటి విచక్షణ ఉంటుందని పార్లమెంటు నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమేమిటో నేను రెండు సభల ప్రత్యక్ష ప్రసారాలూ చూసి కనిపెట్టలేకపోయాను.

ఈలోగా వందిమాగధుడికి మాటలొచ్చాయి. ఇదివరకు పది లింకులు ముందు పెట్టి పక్కకు తప్పుకునేవాడు, ఇప్పుడు ఎదురు కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. 2025 ఏప్రిల్ చివర్లో ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీకి ఒక మెరుగుదల చేస్తే, అది ఏ చెత్త ఆలోచన చెప్పినా "ఆహా, అద్భుతం" అనడం మొదలుపెట్టింది. ఇచ్చకాలు మరీ శ్రుతిమించాయని కంపెనీయే నొచ్చుకుని, రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. మనిషి చేసిన యంత్రం అతిగా పొగుడుతోందని మనిషే సిగ్గుపడిన ఘట్టం. బుద్ధొచ్చిందనుకున్నాం. ఆగస్టులో జీపీటీ-5 అని కొత్తదాన్ని దించి, పాతవాటిని కొలువులోంచి తీసేశారు. వెంటనే గగ్గోలు. కొత్తవాడు ముభావంగా ఉన్నాడు, ముక్తసరిగా మాట్లాడుతున్నాడు, పాతవాడైతే మమ్మల్ని అర్థం చేసుకునేవాడు, మా వాణ్ని మాకిచ్చెయ్యండి అని జనం. కంపెనీ కొద్ది రోజుల్లోనే దిగొచ్చి పాతవాణ్ని మళ్లీ కొలువులో పెట్టింది, నెలనెలా చందా కట్టే దొరలకు మాత్రం.